గోంగూర మడి కింద ఆయిల్ ట్యాంక్

ఈసారి ఒక పాఠకురాలి ఉత్తరం అమెరికాలో న్యూజెర్సీలోని మిడిల్‌సెక్స్ కౌంటీ నుంచి వచ్చింది. పేరు వేయొద్దన్నారు, వేయట్లేదు. టౌన్ పేరు కూడా నేనే తీసేశాను, ఆ చుట్టుపక్కల మనవాళ్లందరికీ అందరూ తెలుసు కాబట్టి.

ఆవిడ రాసింది పొడుగ్గా ఉంది, కుదించి చెబుతాను. ఇల్లు 1956లో కట్టినది. వీళ్లు 2009లో కొన్నారు. అమ్మినవాళ్లు వయసైన అమెరికన్ దంపతులు, అమ్మేసి ఫ్లోరిడా వెళ్లిపోయారు. అప్పటికే ఇల్లు వెచ్చబెట్టడానికి గ్యాస్ ఫర్నేస్ ఉంది, కాబట్టి ఒకప్పుడు అందుకు వాడిన ఆయిల్ అన్న మాటే ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు పిల్లాడు కాలేజీకి వెళ్లాడు, ఇల్లు అమ్మేసి చిన్న టౌన్‌హౌస్‌కి మారదామనుకున్నారు. యార్డు శుభ్రం చేయిస్తూ వంటింటి గోడ పక్కన బలిసిన పొద కొట్టిస్తే, దాని వెనక రెండు ఇనప గొట్టాలు బయటపడ్డాయి. ఒకటి నేలకి దాదాపు సమానంగా, మూతతో. ఇంకొకటి గోడ వెంట నిలువుగా, పైన చిన్న గొడుగులాంటి టోపీతో. యార్డు పనికి వచ్చినతను చూడగానే ఆయిల్ ట్యాంక్ అన్నాడట. ఈవిడ బేస్‌మెంట్‌లోకి వెళ్లి అటకలా వాడుకుంటున్న షెల్ఫులు జరిపి చూస్తే, గోడలోంచి రెండు సన్నటి రాగి గొట్టాలు, కోసేసి చివర నొక్కేసి ఉన్నాయి.

ఇల్లు కొంటానంటున్నది ఈవిడ స్నేహితురాలి తమ్ముడు, అతని భార్య. రెండేళ్ల పాప ఉంది. రియల్టర్ లేకుండా మాటల్లోనే ధర కుదిరిపోయింది. "అక్కా, మీ ఇల్లయితే కళ్లు మూసుకుని కొంటాం, ఇన్‌స్పెక్షన్ కూడా వద్దు" అన్నారట. ఈవిడకి నిద్ర పట్టనిది ఆ మాట దగ్గరే. ఈవిడ భర్తేమో, "మనం కొన్నప్పుడు మనకెవరు చెప్పారు? పొద వెనక ఏముందో మనకి తెలియనట్టే ఉందాం" అంటున్నారు. రెండు వారాలుగా ఇద్దరి మధ్య సరిగ్గా మాటల్లేవు. గుడిలో ఒకావిడ, ఎవరికో ట్యాంక్ తీయిస్తే ఎనభై వేలు అయిందని భయపెట్టింది. ఇంకొకాయన, తీయించడం ఎందుకు, ఇసుక పోయించేస్తే చవక అన్నాడు. వీటన్నిటికీ తోడు, ఆ గొట్టాల పక్కనే పదేళ్లుగా అత్తగారు ప్రతి వేసవీ వచ్చి గోంగూర వేస్తున్నారు. అందరం తిన్నాం, ఏమైనా అవుతుందా అని ఉత్తరం చివర్లో అడిగారు.

చివర అడిగిందే ముందు తీసుకుంటాను, మీకు అసలు భయం అక్కడే ఉందనిపించింది.

ఇళ్లకి పూడ్చిన ట్యాంకులు చాలావరకు 550 గ్యాలన్లవో, వెయ్యి గ్యాలన్లవో ఉంటాయి. 550 అంటే సుమారు రెండు వేల లీటర్లు. ట్యాంక్ పైభాగమే నేలకి రెండు మూడు అడుగుల లోపల ఉంటుంది, అడుగుభాగం ఆరేడు అడుగుల లోతున ఉంటుంది. చిల్లులు పడేది ఎక్కువగా అడుగున. కారినది ఇంకా కిందికే దిగుతుంది. మీ అత్తగారి గోంగూర పెరిగింది పైమట్టిలో. ఆ మట్టికి కిరసనాయిలు వాసన ఉండుంటే మనకంటే ముందు ఆవిడే పట్టేసేవారు, మొక్కలు కూడా అంత కళగా వచ్చేవి కావు. నేను డాక్టర్ని కాను, కానీ మీరు చెప్పినదాన్నిబట్టి తిన్న గోంగూర గురించి హడలిపోవాల్సిందేమీ కనిపించట్లేదు. ఈ ఏడు అక్కడ వేయకండి, ఎలాగూ తవ్వకం ఉంటుంది. అత్తగారికి కారణం చెప్పండి. దాచిపెడితే ఆవిడ విత్తనాలు తెచ్చుకుని చల్లేస్తారు.

చూడాల్సింది బేస్‌మెంట్. పెద్ద వాన పడిన మర్నాడు కిందికి వెళ్లి వాసన చూడండి. బేస్‌మెంట్ గుంటలో చేరే నీళ్లు తోడే సంప్ పంప్ ఉంటే ఆ గుంటలో నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలుతోందేమో చూడండి, ఎందుకంటే ఈ ఆయిల్ నీటికంటే తేలిక, భూగర్భజలం పైకి వచ్చినప్పుడు దాంతోపాటే పైకొస్తుంది. వాసన గానీ తెట్టు గానీ ఉంటే ఇక ఈ ఉత్తరం మిగతాది చదవక్కర్లేదు, మర్నాడే మనిషిని పిలవండి. తాగే నీళ్లు టౌన్ సప్లయ్ అయితే ఆ భయం లేదు, సొంత బావి అయితే నీళ్లు పరీక్ష చేయించండి.

ఇక ట్యాంక్ అక్కడికెలా వచ్చిందంటారా, అందులో ఎవరి కుట్రా లేదు. ఆ కాలంలో అక్కడ ఇళ్లు బొగ్గు నుంచి ఆయిల్‌కి మారాయి. ఉక్కు ట్యాంక్ యార్డులో పాతిపెట్టి, నింపడానికి ఒక గొట్టం, గాలి పోవడానికి ఒక గొట్టం పైకి వదిలేవారు. ఆయిల్ ట్రక్కువాడు పైపు పెట్టి నింపుతుంటే గాలి గొట్టంలోంచి ఈల వినిపిస్తుంది, ఈల ఆగితే నిండినట్టు. తర్వాత వీధిలోకి గ్యాస్ లైన్ వచ్చింది, ఫర్నేస్ మార్చారు, ట్యాంక్‌ని మాత్రం అలాగే వదిలేశారు. తీసేయాలని అప్పట్లో ఎవరూ గట్టిగా అడగలేదు. కొందరు అడుగున మిగిలిన ఆయిల్ కూడా తోడించలేదు. తడిమట్టి బయటినుంచి ఉక్కుని తింటుంది. లోపల చెమ్మ పట్టి చేరిన నీళ్లు ఆయిల్ కిందికి దిగి అడుగున కూర్చుని లోపలినుంచి తింటాయి. అయినా అరవై ఏళ్ల ట్యాంకు చెక్కుచెదరకుండా పైకి రావడమూ ఉంది, పాతికేళ్లది జల్లెడలా రావడమూ ఉంది. మట్టిని బట్టి ఉంటుంది. మా ఇంటి ట్యాంక్ బయటికి తీసిన రోజు, పైన అంతా శుభ్రంగా ఉందని మా ఆయన చప్పట్లు కొట్టబోతుంటే, ఇన్‌స్పెక్టర్ వంగి అడుగున బియ్యపుగింజంత చిల్లు చూపించాడు. అందుకే, తీసేదాకా మీకూ నాకూ గుళ్లో ఆవిడకీ ఎవరికీ తెలియదు. ఆ ఎనభై వేలు మీ లెక్క కాదు, వాళ్ల లెక్క.

ఇప్పుడు మీవారి మాట. ఆయన మీద కోపం తగ్గించుకోండి. మోసం చేద్దామని అంటున్న మాట కాదది, ఎంత ఖర్చవుతుందో తెలియక భయంతో అంటున్నది. పైగా ఆయన అన్నదాంట్లో నిజం ఉంది, మీకు ఎవరూ చెప్పలేదు. కానీ మీరు తెలియక కొన్నారు, ఇప్పుడు అమ్మితే తెలిసి అమ్మినట్టు. న్యూజెర్సీలో 2024 ఆగస్టు నుంచి ఇల్లు అమ్మేవాళ్లు ఇంటి గురించి తమకి తెలిసింది చెప్పే డిస్‌క్లోజర్ ఫారం నింపి ఇవ్వడం తప్పనిసరి, రియల్టర్ ఉన్నా లేకపోయినా. భూమిలో ట్యాంక్ గురించి మీకు తెలుసా అని అందులోనే అడుగుతారు. అక్కడ "తెలియదు" అని టిక్కు పెట్టి సంతకం చేశాక, పొద కొట్టిన మనిషి ఉన్నాడు, గుళ్లో సలహా ఇచ్చిన ఇద్దరున్నారు, మీరు నాకు రాసిన ఉత్తరం ఉంది. ఎన్ని నోళ్లు మూస్తారు?

సరే, ఫారం సంగతి వదిలేసినా ఇది దాగదు. వాళ్లు ఇన్‌స్పెక్షన్ వద్దంటున్నారు గానీ, వాళ్ల అటార్నీ ఊరుకోడు. అంత పాత ఇల్లు అనగానే ట్యాంక్ స్వీప్ చేయించమంటాడు, అంటే మెటల్ డిటెక్టరో రాడారో పట్టుకుని యార్డంతా తిరగడం. అది అక్కడ మామూలైపోయింది. బ్యాంకు, ఇన్సూరెన్స్ కంపెనీ కూడా భూమిలో ట్యాంక్ ఉన్న ఇల్లంటే వెనకాడతాయి. క్లోజింగ్‌కి, అంటే ఇల్లు చేతులు మారే రోజుకి, పది రోజులుందనగా బయటపడితే ఇల్లూ పోతుంది, స్నేహితురాలూ పోతుంది.

ఇంకొకటి ఉంది, దీన్ని మీవారికి నిదానంగా చెప్పండి. న్యూజెర్సీలో 1976 నాటి స్పిల్ చట్టం ప్రకారం ఆయిల్ కారిందంటే తప్పెవరిదన్నది రెండో మాట, బాధ్యులందరూ శుభ్రం చేయాల్సిందే. 1993 సెప్టెంబరు తర్వాత కొన్నవాళ్లు తప్పించుకోవాలంటే, కొనేముందు తగినంత విచారించామని చూపించుకోవాలి. 2015లో మోరిస్‌టౌన్‌లోని ఒక షాపింగ్ సెంటర్ కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇంకో ముడి విప్పింది. అక్కడా హీటింగ్ ఆయిల్ ట్యాంకే, దాని గొట్టాల్లోంచి కారింది. శుభ్రం చేసినవాళ్లు మిగతా బాధ్యుల దగ్గర ఖర్చు వసూలుకి ఈ చట్టం కింద దావా వేయడానికి ఆరేళ్ల గడువు వర్తించదని తీర్పు. మీ వైపు నుంచి చూస్తే ఇది మంచిదే, ఫ్లోరిడా వెళ్లిన వాళ్లని మీరు ఇప్పుడైనా అడగొచ్చు. అయితే వాళ్ల హయాంలోనే కారిందని చూపించడం మీ పని, అదంత సులువు కాదు. అదే తీర్పుని ఇప్పుడు ఆ తమ్ముడి వైపు నుంచి చూడండి. పదేళ్ల తర్వాత అతను తవ్వించినా మీ పేరు బయటికొస్తుంది. నోరు మూసుకుంటే ఖర్చు తప్పదు, వాయిదా పడుతుంది, అదీ లాయరు ఫీజులు కలుపుకుని.

కాబట్టి చెప్పకుండా అమ్మడమన్నది నేను దారుల్లో లెక్కపెట్టట్లేదు. మిగిలినవి చూద్దాం.

చెప్పేసి, ఉన్నదున్నట్టు అమ్మడం. ధర తగ్గించి, ట్యాంక్ సంగతి మీరే చూసుకోండని. చేతులు దులుపుకున్నట్టు ఉంటుంది కానీ, ఎంత తగ్గించాలో మీకూ తెలియదు, వాళ్లకీ తెలియదు. ఐదు వేలు తగ్గించాక లోపల నలభై వేల పని తేలితే ఆ తమ్ముడు మిమ్మల్ని ఏమనుకుంటాడు? మీరు ముప్పై వేలు తగ్గించాక ట్యాంక్ కడిగిన గిన్నెలా బయటికొస్తే మీవారు మిమ్మల్ని ఏమంటారు? పసిపాప ఉన్న ఇంట్లో వాళ్లు దిగగానే ముందు యార్డు తవ్వుకోవాలి. అన్నిటికంటే ముందు వాళ్ల బ్యాంకు ఒప్పుకోవాలి. కొంత డబ్బు అటార్నీ దగ్గర ఎస్క్రోలో, అంటే పని తేలేదాకా ఎవరూ ముట్టకుండా, పెట్టి, క్లోజింగ్ తర్వాత తీయిద్దామని కూడా కొందరు రాసుకుంటారు. అలా రాసుకుంటే మీరు పెట్టాల్సింది గరిష్ఠంగా ఇంత అని పరిమితి ఉండాలి. "ఖర్చెంతయితే అంత మేం ఇస్తాం" అని మాట వరసకి కూడా అనకండి. మనవాళ్లం మొహమాటానికి అనేస్తాం.

ఇసుక పోయించడం. ఇది చట్టవిరుద్ధమేం కాదు. ట్యాంక్ పైభాగం కోసి, మిగిలిన ఆయిల్, మడ్డి తోడి, లోపల శుభ్రం చేసి, ఇసుకో ఫోమో కాంక్రీటో నింపి అక్కడే వదిలేస్తారు. దానికీ టౌన్‌షిప్ పర్మిట్ కావాలి. తవ్వితే ఇంటి పునాది కదులుతుందనుకున్న చోట, డెక్కు కిందో గ్యారేజీ కిందో ఉన్న చోట అదే మార్గం. మీ ట్యాంక్ గోంగూర మడి కింద ఉంది, తవ్వడానికి అడ్డేమీ లేదు. ఇసుక నింపిన ట్యాంక్ స్వీప్‌లో మళ్లీ మోగుతుంది, కొనేవాడు మళ్లీ అడుగుతాడు, కింద మట్టి పరీక్ష చేసిన కాగితం లేకపోతే మళ్లీ మొదటికి. మిగిలేది చిన్న మొత్తం, ఇంటికి అంటుకునే ప్రశ్న పెద్దది. మీ స్థితిలో నేనైతే చేయను.

తీయించేయడం. నా మొగ్గు ఇటే, అది కూడా అగ్రిమెంట్ మీద సంతకాలు పడకముందే, మీ చేతిలో ఉండగానే. కారకపోతే రెండు నుంచి నాలుగు వేల డాలర్ల మధ్యలో తేలిపోవచ్చు, టౌన్‌ని బట్టి, ట్యాంక్ సైజుని బట్టి మారుతుంది. కారితే పదివేలకి పైన మొదలవుతుంది, భూగర్భజలం దాకా వెళ్తే లక్ష దాటిన ఇళ్లూ ఉన్నాయి. ఇది చదివి మీవారు మళ్లీ బెదిరిపోతారని తెలుసు. కానీ కారి ఉంటే అది ఇప్పటికే కారింది. తవ్వినందువల్ల కారదు.

ఇందులో ఒక సంగతి ముందే తెలుసుకుని దిగండి. తవ్వాక చిల్లులు, నల్లమట్టి కనిపిస్తే వెంటనే రాష్ట్ర పర్యావరణ శాఖ హాట్‌లైన్‌కి చెప్పాలి. ఆ శాఖని అక్కడ డీఈపీ అంటారు. "ఈ ఒక్కసారికి పూడ్చేయ్ బాబూ" అని కాంట్రాక్టర్‌ని అడగడానికి ఉండదు, పక్కన టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉంటాడు. కేసు నంబరు వస్తుంది, పాడైన మట్టి తీయించి, పరీక్షలు చేయించి, రిపోర్టు పంపాక, ఇక చేయాల్సిందేమీ లేదని డీఈపీ ఇచ్చే లెటరే మీ ఇంటికి క్లీన్ చిట్. ఎన్ఎఫ్ఏ లెటర్ అంటారు. అది రావడానికి నెలలు పట్టొచ్చు. కాబట్టి టౌన్‌హౌస్‌కి అడ్వాన్స్ కట్టేముందు ఇది తేల్చుకోండి. కారకపోతే పని అయిపోయిందని టౌన్‌షిప్ మూసిన పర్మిట్, మట్టి పరీక్ష రిపోర్టు, ట్యాంక్ తుక్కుకి వేసిన రసీదు, ఫోటోలు, ఈ నాలుగూ ఫైల్లో పెట్టుకోండి.

తవ్వకముందే ట్యాంక్ పక్కన సన్నగా బోరు వేసి మట్టి పరీక్ష చేయిస్తే నయం కదా అని కొందరంటారు. ఎంత ఖర్చుకి సిద్ధపడాలో ముందే కొంత అంచనా వస్తుంది. కానీ చెడ్డ ఫలితం వస్తే చెప్పాల్సిన బాధ్యత అప్పుడే మొదలవుతుంది, మంచి ఫలితం వచ్చినా ట్యాంక్ అక్కడే ఉంటుంది. మీరు ఎలాగూ అమ్ముతున్నారు కాబట్టి ఆ డబ్బు తవ్వకంలోనే పెట్టమంటాను. మీవారు అంకెలు చూడనిదే అడుగు కదపని మనిషైతే మాత్రం బోరు వేయించండి, ఆయన మనసు కుదుటపడటం కూడా ఇందులో భాగమే.

కాంట్రాక్టర్ దగ్గర జాగ్రత్త. ట్యాంక్ తీసేవాడు, పాడైన మట్టి శుభ్రం చేసేవాడు తరచూ ఒకే కంపెనీ. మట్టి ఎంత పాడైతే వాడికి అంత పని. అందరూ మోసగాళ్లని కాదు. మొదటి కొటేషన్ చవగ్గా ఇచ్చి రెండోదాంట్లో లాగేవాళ్లు ఉన్నారు, మా దగ్గర కూడా ఒకడు అదే చేయబోయాడు. డీఈపీ లైసెన్స్ అడగండి. మూడు కొటేషన్లు తీసుకోండి. ప్రతిదాంట్లో పర్మిట్ ఫీజు, మిగిలిన ఆయిల్ తోడి పారేయడం, మట్టి శాంపిళ్లు, గొయ్యి పూడ్చే మంచి మట్టి ఇవన్నీ కలిపారా విడిగానా రాయించుకోండి. ముఖ్యంగా, పాడైన మట్టి తేలితే టన్నుకి ఎంత అన్నది ముందే కాగితం మీద ఉండాలి. గొయ్యి తీశాక యార్డు మధ్యలో నిలబడి బేరమాడలేరు. శాంపిళ్లు సర్టిఫై అయిన బయటి ల్యాబ్‌కి పోవాలి. తవ్వేముందు 811కి ఫోన్ చేసి గ్యాస్, కరెంటు లైన్లకి గుర్తులు పెట్టించాలి, కనీసం మూడు పనిదినాల ముందు. అది కాంట్రాక్టరే చేస్తాడు గానీ చేశాడో లేదో అడగండి. ఆ రోజు మీ ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టి ఇంట్లో ఉండండి. మిషన్ బకెట్ తగిలి పడిన చిల్లుకి, తుప్పు తిన్న చిల్లుకి తేడా ఫోటోలో తెలుస్తుంది. అలాగే, ఇలాంటి కొన్ని ఇళ్లలో ఒకటి కాదు, రెండు ట్యాంకులు ఉంటాయి. ఎలాగూ మనిషి వస్తున్నాడు కాబట్టి యార్డంతా ఒకసారి స్వీప్ చేయించేయండి.

ఇన్సూరెన్స్. ఇప్పటి హోమ్ పాలసీల్లో ఇలాంటి కాలుష్యం వర్తించదని రాసి ఉండే అవకాశం ఎక్కువ. పాత పాలసీల్లో భూగర్భజలం పాడైన సందర్భంలో లయబిలిటీ కింద, అంటే ఇతరులకి జరిగిన నష్టం పద్దు కింద, కొంత వచ్చిన కేసులున్నాయి, ఎందుకంటే ఆ నీళ్లు మీ సొత్తు కాదు. 2009 నుంచి ఉన్న పాలసీ కాగితాలన్నీ అటకమీంచి దింపండి. కంపెనీకి ఫోన్ చేసి మాటల్లో చెప్పేముందు అటార్నీకి చూపించండి.

ఇక ఆ తమ్ముడికి చెప్పడం. ఇది తవ్వకంకంటే ముందు జరగాలి. స్నేహితురాలి చేత చెప్పించకండి, ఫోన్లో మెసేజ్ పెట్టకండి. ఇద్దరినీ టీకి పిలిచి ఆ గొట్టాలు చూపించండి. "మాకు ఈ నెలలోనే తెలిసింది. మేమే తీయిస్తున్నాం. రిపోర్టు వచ్చాక మీ చేతిలో పెడతాం, అప్పుడు కొంటారో లేదో మీ ఇష్టం. మా ఇల్లయినా సరే ఇన్‌స్పెక్షన్ చేయించుకోండి" అనండి. వాళ్లు వెనక్కి తగ్గొచ్చు. తగ్గితే తగ్గనివ్వండి, కాగితాలున్న ఇల్లు ఇంకొకరికి అమ్మొచ్చు. ఆ తర్వాతైనా మాటలతో వదిలేయకుండా అటార్నీల ద్వారా రాసుకోండి.

మీవారితో మాట్లాడేటప్పుడు న్యాయం, ధర్మం అని మొదలుపెట్టకండి, ఆయనకి అది తిట్టులా వినిపిస్తుంది. మూడు కొటేషన్లు టేబుల్ మీద పెట్టి, పక్కన అటార్నీ ఫీజు రాసి, ఏది తక్కువో ఆయన్నే కూడమనండి.

ఒక చిన్న విషయం మర్చిపోబోయాను. ట్యాంక్‌తోపాటు గోడ దగ్గర గొట్టాలు కూడా పీకించాలి. ట్యాంక్ తీసేసి నింపే గొట్టం అలాగే వదిలేసిన ఇళ్లకి, ఆయిల్ ట్రక్కువాడు అడ్రస్ పొరబడి వచ్చి, మూత కనిపించగానే పైపు పెట్టి బేస్‌మెంట్ నిండా ఆయిల్ కుమ్మరించిన సంఘటనలు జరిగాయి. ఈల వినపడలేదేమిటని వాడికి అనుమానం వచ్చేసరికే కొంప మునుగుతుంది. బిల్లు కట్టేముందు వంటింటి గోడ పక్కకి వెళ్లి, ఆ రెండూ లేవని మీ కళ్లతో చూసుకోండి.